మాస్టారు అడిగిన శేరు పాలు

మా మనవరాలు స్రవంతి పాత అలమర మీది గోధుమరంగు ఎనామిల్‌ని గీకుతూ గీకుతూ ఒకచోట ఆగిపోయింది. "నానమ్మా, ఇటు రా. కింద నీలం ఉంది. ఎంత బాగుందో చూడు!" అని కేకేసింది. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. చేతులు ఖాళీ లేవన్నాను. నిజానికి ఆ నీలం ఎలా ఉంటుందో నేను వెళ్ళి చూడక్కర్లేదు. అది ఎక్కడ పలచగా ఉంటుందో, ఎక్కడ కుంచె రెండుసార్లు నడిచిందో, కింది చెక్క మూలన ఎక్కడ ఒక చుక్క జారి గట్టిపడిందో నాకు తెలుసు. దాని మీద గోధుమరంగు వేయించిందీ నేనే. రేపల్లె ఇల్లు అమ్మేసి మా అబ్బాయి దగ్గరికి తెనాలి వచ్చేటప్పుడు, సామాను పాతబడింది, అపార్ట్‌మెంట్లో నలుగురూ నవ్వుతారు అని చెప్పి పెయింటరు చేత రెండు పూతలు వేయించాను. కొబ్బరి పీచు కూడా పారెయ్యకుండా గిన్నెలు తోముకోవడానికి దాచే మనిషిని, ఉల్లిపాయలు పోసుకునే అలమరకి అంత ముస్తాబు ఎందుకు చేయించానో ఎవరూ అడగలేదు. ఆ నీలం నా కళ్ళబడకూడదని చేయించాను.

స్రవంతి కేక విన్నది నేనొక్కదాన్నే కాదు. ముందుగదిలో నల్లద్దాలు పెట్టుకుని పడుకున్న మా తోటికోడలు రాజ్యం కూడా విన్నది. తనది బాపట్ల. కంటి ఆపరేషన్ కోసం తెనాలి వచ్చి, వారం రోజులుగా మా ఇంట్లోనే ఉంది. "నీలమా? అది మా నాన్న వేసిందేనమ్మా" అంటూ గోడ పట్టుకుని మెల్లిగా వరండాలోకి నడిచింది. నేను చింతపండు పిసుకుతూనే ఉన్నాను. పిప్పిలో రసం ఎప్పుడో అయిపోయింది.

అది పాల అలమర. నడుము ఎత్తున ఉంటుంది. తలుపుల పై సగం ఇనప జాలీ, కింది సగం మద్ది చెక్క. రేపల్లెలో మా అత్తవారి వంటింటి పక్క వసారాలో ఉండేది. నాలుగు కాళ్ళ కిందా నాలుగు రాతి గిన్నెలు, చీమలెక్కకుండా వాటినిండా నీళ్ళు. మా ఇంట్లో పాలంటే ఒక పెద్ద వ్యవహారం. తెల్లవారగానే పితికిన పాలు పెరట్లో దాలిగుంట మీద పెట్టేవాళ్ళం. పిడకలు రాజుకుని పైకి మంట రాకుండా లోలోపల కాలుతుంటే, మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి, పైన అరచేతి మందాన మీగడ కట్టేది. పిడకల పొగా, కాగిన పాలూ కలిసిన ఆ వాసన మా చీరల్లో, జుట్టులో, రాత్రి కప్పుకునే దుప్పట్లలో కూడా ఉండేది. ఇప్పుడు ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోస్తే ఏ వాసనా రాదు. అప్పట్లో వీధిలోంచి వెళ్ళేవాళ్ళు కూడా మా ఇంట్లో పాలు కాగాయో లేదో చెప్పేవాళ్ళు. మా అత్తగారు మీగడ తీసి, పెరుక్కెంత, కాఫీకెంత, పిల్లలకెంత అని చెంబులతో కొలిచి అలమరలో పెట్టేది. నేను ఆ ఇంటి పెద్దకోడల్ని. పెళ్ళయిన నాలుగో ఏట ఆ కొలత నా చేతికి అప్పగించింది. నేను చదివింది మూడో తరగతి. నాకు ఆ ఇంట్లో దక్కిన మొదటి పెత్తనం ఆ పాల చెంబే.

నా పెత్తనం ఏడాది కూడా నిండకుండానే రాజ్యం మా మరిదికి భార్యగా వచ్చింది. వాళ్ళ నాన్న బాపట్లలో ఒక బడిలో డ్రాయింగు మాస్టారు. రాజ్యం హైస్కూలు దాకా చదివింది. వంటకి ఉప్పు ఎక్కువా తక్కువా చేసేది కానీ, ఉత్తరం రాస్తే మాత్రం ముత్యాలు పేర్చినట్టు ఉండేది. అప్పటిదాకా మా అత్తగారు ఊళ్ళకి ఉత్తరాలు రాయించుకోవడానికి వీధి చివర పోస్టుమాన్ని బతిమాలేది. రాజ్యం వచ్చాక సాయంత్రంపూట అరుగు మీద కూర్చుని, "రాయవే రాజ్యం" అని చెప్పడం, రాసింది మళ్ళీ చదివించుకుని మురిసిపోవడం. "మా చిన్నకోడలు దస్తూరీ చూశారా?" అని వచ్చినవాళ్ళందరికీ కార్డులు చూపించేది. నేను లోపల పాలు కొలుస్తూ వినేదాన్ని. నా కొలతని ఎవరూ ఎవరికీ చూపించలేదు. ఇది ఇంత సూటిగా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ ఎండాకాలంలో అలమర సంగతి వచ్చింది. ఏళ్ళ తరబడి పొగ పట్టి నల్లగా, జిడ్డుగా అయిపోయింది. చెయ్యి పెడితే అంటుకునేది. "తీసి పొయ్యిలో పెట్టి కొత్తది చేయిద్దాం" అంది మా అత్తగారు. రాజ్యం ఊరుకోలేదు. "వద్దత్తయ్యా. చెక్క బాగానే ఉంది. మా నాన్న వచ్చి కొత్తదానిలా చేస్తాడు. పాలతో రంగు కలుపుతాడు. కిరసనాయిలు కంపు ఉండదు, పాలకి వాసన పట్టదు" అంది. మా అత్తగారు నోరు తెరిచింది. పాలతో రంగేంటని ఇంటిల్లిపాదీ విడ్డూరంగా చూశారు. వాళ్ళ నాన్న చదువుకునే రోజుల్లో తెనాలిలో నాటకాలకి తెరలు రాసే ఒకాయన దగ్గర నేర్చుకున్నాడట. మీగడ తీసిన పాలు, చల్లారిన సున్నం, బట్టలకి పెట్టే నీలిమందు, అంతేనట. రాజ్యం ఆ మాటలు చెబుతుంటే దాని మొహం వెలిగిపోయింది. కొత్తగా వచ్చిన కోడలు పుట్టింటి గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

సెలవులు ఇవ్వగానే మాస్టారు బాపట్లలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లె వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు కుంచెలతో ఉండేవారు. చేతిలో అన్నం క్యారేజీ. కూతురికి బిడ్డ పుట్టేదాకా అల్లుడింట్లో చెయ్యి కడగకూడదని వాళ్ళింటి పట్టింపు. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పెరట్లో నీడ పట్టున గోనెపట్టా పరుచుకుని, అలమర జిడ్డుని ముందు బూడిద నీళ్ళతో కడిగారు. ఆరాక గరుకు కాయితంతో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రుద్దారు. వియ్యంకుడు పెరట్లో గొంతుక్కూర్చుని చెక్క రుద్దడమేంటని మా అత్తగారికి కాస్త చిన్నతనంగా ఉంది. రాజ్యానికి మాత్రం కాళ్ళు నేలమీద లేవు. అయిదు నిమిషాలకోసారి పెరట్లోకి పరుగు.

రుద్దడం అయ్యాక ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు.

"అమ్మాయీ, ఒక శేరు పాలు కావాలమ్మా. మీగడ తీసినవే చాలు."

"తాగడానికి పనికిరాని మా పాలు చెక్కకి పనికొస్తాయా బాబాయి గారూ?" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వారు. "చెక్కకి పట్టింపుల్లేవు కదమ్మా" అన్నారు.

నేను అలమరలోంచి తీసి పెట్టిన పాలగిన్నె ముందు నిలబడ్డాను. ఆ పూట ఉన్నది రెండు శేర్లు. ఒక శేరు ఇచ్చేస్తే రాత్రికి ఎనిమిదిమందికి పెరుగు పలచనవుతుంది. మా అత్తగారు అడుగుతుంది. అదొక లెక్క. ఇన్నేళ్ళూ నేను నాకు చెప్పుకున్నది ఆ లెక్కే. కానీ మా అత్తగారే ఆ ఉదయం, మాస్టారికి కావలసినవి ఇవ్వవే అని నాతో చెప్పింది. పెరుగు పలచనైతే నన్నేమీ అనేది కాదు. నేను అరశేరు పాలు చెంబులో పోసి, కుండలోంచి అరశేరు నీళ్ళు ముంచి కలిపాను. గరిటెతో తిప్పాను కూడా. తిప్పుతున్నప్పుడు బయట రాజ్యం వాళ్ళ నాన్నతో మాట్లాడుతూ కిలకిలా నవ్వడం వినిపించింది. ఆ నవ్వు విన్నాక ఇంకో గిద్దెడు నీళ్ళు పోశాను. ఆ గిద్దెడు నీళ్ళు పెరుగు కోసం పోసినవి కావు.

చెంబు తీసుకెళ్ళి ఇచ్చాను. మాస్టారు దాన్ని గిన్నెలోకి వంచుతూ, పడుతున్న ధారని చూశారు. వంచడం ఆపి, తలెత్తి నా మొహం ఒక్కసారి చూశారు. "చాలమ్మా, సరిపోతాయి" అన్నారు. అంతే. సున్నం కలిపి, నీలిమందు గుడ్డలో మూటకట్టి పిండి, కుంచె ముంచారు. సాయంత్రానికి అలమర తొలకరి ముందు ఆకాశంలా ఉంది. మా అత్తగారు కూడా చుట్టూ తిరిగి చూసి, "అన్నయ్య గారి చేతిలో ఏదో ఉంది" అంది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఖాళీ క్యారేజీ పట్టుకుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు.

రంగు నిలబడింది పది రోజులు. తర్వాత రేపల్లె పక్కనే నగరం అనే ఊళ్ళో ఉన్న మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి అక్క, మాకు వదిన. ఏదో పెళ్ళికి వెళ్ళి వస్తూ పట్టుచీరతోనే దిగింది. అందరం వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఆవిడ అలమరకి చేరబడింది. లేచేసరికి వీపంతా నీలం. పౌడరు అద్దినట్టు. తలుపు తీస్తే పెరుగు కుండలో కూడా నీలం పొడి రాలి ఉంది.

"ఇదేంటే రాజ్యం! మీ నాన్న రంగు అలమరకి వేశాడా, నా చీరకి వేశాడా?" అంది వదిన.

"పాలు పోసి సున్నం కొట్టించుకున్నాం, ఇంకేముంది" అంది మా అత్తగారు.

మా మరిది కంచం ముందు కూర్చుని ఉన్నాడు. "ఆయన తప్పేముంది అక్కా? రోజూ నల్లబల్ల మీద వేసే మనిషి. బొమ్మ అయిపోయాక తుడిచేసుకోవాలి కదా!" అన్నాడు.

ఇల్లు గొల్లుమంది. మా ఆయన సాధారణంగా నవ్వని మనిషి, ఆయన కూడా నవ్వాడు. గోడ అవతలి ఆవిడ ఏంటేంటని వచ్చి, చూసి, నవ్వింది. నేను నవ్వానా? నవ్వాను. అందరూ నవ్వుతుంటే నవ్వకుండా ఉంటే బాగుండదని కాదు. నవ్వొచ్చే నవ్వాను. రాజ్యం పెరుగు కుండ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఏ పని చెడినా "మాస్టారి రంగు" అనడం అలవాటైపోయింది. పప్పు ఉడక్కపోతే మాస్టారి రంగు. తాడు తెగితే మాస్టారి రంగు. రాజ్యం వింటూ పని చేసుకునేది. పుట్టింటి మాట ఎత్తడం మానేసింది. ఉత్తరాలు మాత్రం రాసేది, చెప్పినవి చెప్పినట్టు.

కబురు ఎలా తెలిసిందో, ఇరవై రోజుల తర్వాత మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో తడిగుడ్డ చుట్టిన పాల క్యాను. బాపట్ల నుంచి తెచ్చుకున్నారు. మా అత్తగారు ఆశ్చర్యపోయి, "మా ఇంట్లో పాలు లేవా అన్నయ్య గారూ? ఇంకెందుకండి ఈ శ్రమ, పొయ్యిలో పెట్టేద్దాం లెండి" అంది.

ఆయన అందరి ముందూ చేతులు జోడించారు. "తప్పు నాదేనమ్మా. పాళ్ళు కుదరలేదు. నా చెయ్యి తప్పింది. ఒక్క పూట అవకాశం ఇవ్వండి, సరిచేసి వెళ్తాను" అన్నారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పాత పొడినంతా దులిపి, మళ్ళీ రుద్ది, తెచ్చుకున్న పాలతో మళ్ళీ కలిపి వేశారు. ఆ రంగే స్రవంతి గీకుడికి కూడా లొంగకుండా ఇవాళ్టిదాకా రాయిలా నిలిచింది. ఆయనకి ఆ మొదటి రోజే తెలిసిపోయిందా అని నేను వేల సార్లు ఆలోచించాను. ధార చూసి పాలు గుర్తుపట్టలేని వాడా ఆయన? పలచన అని ఒక్క మాట అని ఉంటే మా అత్తగారు నన్ను నిలదీసేది. నేను ఆ ఉక్రోషం ఎవరి మీద తీర్చుకుంటానో ఊహించలేనంత అమాయకుడు కాదు. కూతురు నాతో ఒకే వంటింట్లో బతకాలి. ఆయన తన చేతిని తప్పు పట్టుకుంటే ఆ వంటింట్లో గొడవ రాదు.

రెండో పూత నిలిచిందని ఎవరూ చెప్పుకోలేదు. నవ్విన సంగతి మాత్రం నిలిచింది. మరుసటి ఏడాది రాజ్యానికి కొడుకు పుట్టాడు. అన్నప్రాశన రోజున పట్టింపు తీరిపోయింది కనుక మాస్టారికి అరిటాకు వేశాం. మా అత్తగారు స్వయంగా పిలిచింది. ఆయన మనవడి నోట్లో పరమాన్నం పెట్టారు, వాణ్ణి ముద్దాడారు, కడుపులో బాగాలేదని చెప్పి అరుగు మీదే కూర్చుని వెళ్ళిపోయారు. ఆ ఆకు నేనే ఎత్తాను. ఆయన బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్క ముద్ద తినలేదు. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు రాజ్యం నోరు తెరిచి అడిగింది ఆ అలమర ఒక్కటే. వంటింటి సామాను పెద్దకోడలిదని నేను ఇవ్వలేదు.

ఇంత మూట మోసుకుంటూ నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే, వరండాలో వాళ్ళిద్దరికీ జోడీ కుదిరింది. స్రవంతి విజయవాడలో ఇళ్ళ లోపల అలంకరణ గురించి ఏదో చదువుతోంది. పాలతో రంగు కలపడం నెట్‌లో చూసిందట, పాత సామానుకి ఇప్పుడు అదే ఫ్యాషనట. "మా నాన్న ఇలా చేసేవాడు" అని రాజ్యం చెబుతుంటే ఆ పిల్లకి పండగ. రెండు తలుపుల్లో ఒకదాని మీద మాస్టారి నీలం అలాగే ఉంచి, రెండో తలుపు చెక్కదాకా రుద్ది, తనే రంగు వేస్తానంది. ప్యాకెట్టు పాలు కాచి మీగడ తీసి, తాంబూలానికి నేను పెట్టుకున్న సున్నం అడిగి పట్టుకెళ్ళింది. "పాలెన్ని పొయ్యాలి?" అని అడిగితే, రాజ్యం కళ్ళు సరిగా కనపడకపోయినా గరిటె ఎత్తి ధార పడే చప్పుడు విని, "ఇంకొంచెం. ఆఁ, చాలు" అంది. మర్నాడు ఉదయానికి ఆ తలుపు ఆరింది. స్రవంతి అరచేత్తో గట్టిగా రుద్ది చూసింది. చేతికి ఏమీ అంటలేదు. తడిగుడ్డతో తుడిచింది. అంటలేదు.

"ఇంతేనా! మొదటిసారికే వచ్చేసింది నాకు. ఇంత సులువైనదాన్ని అంత పనితెలిసిన మీ నాన్నగారు మొదటిసారి ఎలా పాడుచేశారు చిన్ననానమ్మా?" అంది నవ్వుతూ.

దాని తప్పు లేదు. రాజ్యమే ఆ కథ చెప్పి ఉంటుంది, పెరుగు కుండలో నీలం పడిన సంగతీ, చీర సంగతీ. ఇన్నేళ్ళ తర్వాత నవ్వులా చెప్పడం నేర్చుకుంది. కానీ ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ వెయ్యలేదు. రాజ్యం మొహం వాడిపోయింది. "ఏమోనమ్మా. ఎన్నిసార్లు అడిగినా నా చెయ్యే అనేవాడు. ఆ తర్వాత ఇంట్లో మళ్ళీ రంగు గిన్నె ముట్టుకోలేదు. బళ్ళో తప్ప కుంచె పట్టలేదు" అంది.

ఆయన కుంచె మానేశారన్నది నాకు ఆ నిమిషం దాకా తెలియదు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని గుమ్మంలో ఉన్నాను.

"చెయ్యి కాదు రాజ్యం. పాలు" అన్నాను.

"పాలేంటక్కా?"

"నీళ్ళు కలిపాను. సగానికి పైనే."

స్రవంతి గుడ్డ కింద పెట్టింది. రాజ్యం నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. నల్లద్దాల వెనక కళ్ళు కనపడలేదు.

"ఎందుకు?"

"పెరుక్కి చాలవని."

"ఒక్క పూట పెరుక్కా అక్కా?"

"కాదు" అన్నాను. "అత్తగారు నీ ఉత్తరాలు అందరికీ చూపించేది."

రాజ్యానికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను కాఫీ అందించబోతే అందుకోలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనగలిగేదాన్ని, నా నోరు అలాంటిది. అది చాలాసేపు కొత్తగా రంగు వేసిన తలుపుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. చివరికి, "నాకెందుకు చెప్తున్నావక్కా? నేను నవ్వలేదుగా. నవ్వినవాళ్ళకి చెప్పు" అంది. ఆ మధ్యాహ్నం కూతురికి ఫోన్ చేసి రమ్మంది. మర్నాడు వెళ్ళిపోతూ, "అలమర తీసుకెళ్తున్నాను" అంది. అడగలేదు, చెప్పింది. ట్రాలీ ఆటోలో తాళ్ళతో కట్టించాం. స్రవంతి రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడింది. పొదుపు, పద్ధతి, ఒకరి సొమ్ము ముట్టకూడదు అని దాన్ని చిన్నప్పట్నుంచీ సాధించిన దాన్ని నేనే కదా.

నవ్వినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మా అత్తగారు లేదు. మా ఆయన లేడు. అందరికన్నా గట్టిగా నవ్వించిన మా మరిది, రాజ్యం మొగుడు, పోయి కూడా ఆరేళ్ళయింది. గోడ అవతలి ఆవిడ ఏ ఊరు వెళ్ళిపోయిందో తెలియదు. మిగిలింది నగరంలో వదిన ఒక్కతే. నాకు మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయి ఫోన్ చేసి మాట్లాడవచ్చు కదా అన్నాడు. కుదరదన్నాను. ఉదయాన్నే తెనాలిలో రేపల్లె రైలెక్కాను. స్టేషన్లో దిగి బస్టాండుకి ఆటోలో వెళుతుంటే మా పాత వీధి మలుపు వచ్చింది. మా ఇల్లుండే చోట ఎరువుల కొట్టు పెట్టారు. ఆపమనలేదు. బస్సెక్కి నగరంలో దిగాను.

వదిన మంచం మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి, వినికిడి తగ్గింది. నేను పక్కన కూర్చుని, గట్టిగా, మొదట్నుంచీ చెప్పాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలే.

"ఏ మాస్టారే? లెక్కల మాస్టారా?" అంది.

"కాదొదినా. డ్రాయింగు మాస్టారు. మన రాజ్యం వాళ్ళ నాన్న. అలమరకి నీలం వేశాడు, నీ పట్టుచీరకి అంటింది."

"నాకు నీలం పట్టుచీర ఎక్కడిదే? ఎప్పుడూ కట్టలేదు. నాకు నప్పదు."

"చీర నీలం కాదు. రంగు నీలం. నీకు అంటింది. అందరం నవ్వాం."

"నవ్వితే ఏమైంది? అప్పుడు ఇంటినిండా మనుషులు, ఏదో ఒకదానికి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వడానికి మనిషేది?" అని, నా మోకాలు చూసి, "దీనికోసం కుంటుకుంటూ ఇంత దూరం వచ్చావా? నీకేమన్నా పిచ్చా? లే, చెయ్యి కడుక్కో, చిక్కుడుకాయ కూర వండిస్తాను" అంది. ఇంకో రెండుసార్లు ప్రయత్నించాను. మాస్టారి పొడుగు చెప్పాను, చొక్కా జేబులో కుంచెలు చెప్పాను, మాస్టారి రంగు అని మనం అనుకునే మాట గుర్తు చేశాను. ఆవిడ కళ్ళల్లో ఏమీ కదల్లేదు. పెట్టింది తిని వచ్చాను.

మర్నాడు నేనే బాపట్ల ఫోన్ చేశాను. రాజ్యం కూతురు ఎత్తి, అమ్మకిచ్చింది.

"వెళ్ళాను రాజ్యం, నగరం. వదినకి చెప్పాను."

"ఏమంది?" అంది. ఆ ఒక్క మాటలో ఎంత ఎదురుచూపు ఉందో నాకు ఫోన్లో తెలిసింది. నేను ఏం చెప్పాలి? మీ నాన్న చేత చేతులు జోడింపజేసిన ఆ నవ్వు, నవ్విన మనిషికే గుర్తు లేదని చెప్పనా?

"ఏడ్చింది" అన్నాను. "అయ్యో మాస్టార్ని అన్ని మాటలన్నామా అని చాలా బాధపడింది."

 రాజ్యం గొంతు సవరించుకుని, "పోనీలే అక్కా" అంది. కళ్ళు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయంది. అలమరలో మనవల పుస్తకాలు పెట్టిందట. వర్షాలు పడ్డాక రమ్మంది. ఫోన్ పెట్టేశాను. గుండె తేలికపడిందని అనుకోవడానికి ప్రయత్నించాను. రెండు రోజులకే తెలిసింది, నేను మళ్ళీ అదే పని చేశానని. రాజ్యం అడిగింది ఒకటి, నేను చెంబులో పోసి ఇచ్చింది ఇంకొకటి.

నేను రాసిన ఈ కాయితాలు స్రవంతి టైపు చేసి బాపట్ల పంపుతుంది. అక్కడ నువ్వు నీ కళ్ళతోనే చదువుతావు. అందుకని ఇందులో రాస్తున్నాను రాజ్యం. వదిన ఏడవలేదు. ఆవిడకి మీ నాన్న గుర్తు లేడు. ఆ చీర గుర్తు లేదు, తను నవ్విన సంగతి గుర్తు లేదు. నవ్విన వాళ్ళలో ఇంకా బతికి ఉండి, అది గుర్తున్న దాన్ని నేనొక్కదాన్నే. ఫోన్లో నువ్వు పోనీలే అన్నావు. అది నేను చెప్పిన అబద్ధం విని అన్న మాట. వెనక్కి తీసుకోవాలనిపిస్తే తీసుకో.